మేనల్లుడు ఫార్ములా రేసర్ అవుతాడంట, మా బావ రొయ్యల గుంటలు అమ్ముతాడంట. ఏం చెప్పాలి?

పొదలకూరు రోడ్డు:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు. మా అక్క కొడుక్కి 11 ఏళ్ళు, పోయిన వేసవి సెలవల్లో మద్రాసులో గో కార్టింగ్ కి (చిన్న రేసు బండ్లు నడపడం) తీసకపోయినా, ఆ రోజు నించి వాడికి పిచ్చి పట్టింది, రేసున్న ఆదివారం అన్నం ప్లేటు కూడా టీవీ ముందరే. అసలు తలనొప్పి వాడు కాదు, మా బావ. ఇందుకూరుపేట పక్కన ఆయనకి రొయ్యల గుంటలు ఉండాయి, పోయిన క్రాప్ బాగా మిగిలింది, వాడ్ని ఫార్ములా వన్ కి పంపిస్తా, కావాలంటే 2 ఎకరాలు అమ్ముతా అని కూర్చున్నాడు. అక్క ఫోన్ చేసి ఒకటే ఏడుపు, అలవాటు చేసింది నువ్వే కాబట్టి నువ్వే సర్దిచెప్పు అని. నాకు రేసు చూడ్డం తప్ప ఏం తెలీదు. అసలు దారేంది, యాడ మొదలుపెట్టాలి, ఎంతవుద్ది? తిట్టేవాళ్ళు కూడా కాస్త వివరంగా తిట్టండి.

గూడూరు స్పానర్:
అన్నా, మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ లో ఆరేళ్ళు మెకానిక్ గా చేసినా, చూసింది చెప్తా. ముందు కార్టింగ్, ఎఫ్ఎంఎస్సీఐ (మన దేశంలో మోటార్ రేసులు చూసుకునే సంస్థ) లైసెన్స్ తీసుకుని వయసుని బట్టి ఉండే క్లాసుల్లో దిగాలి, 11 ఏళ్ళంటే ఈ ఆటలో లేటే, ఫార్ములా వన్ ఛాంపియన్ హామిల్టన్ 8 ఏళ్ళకే మొదలుపెట్టినాడు. 15 నిండితే ఫార్ములా 4 (ఎఫ్4), కార్ల రేసుల్లో కింది మెట్టు, మన దేశంలో 2023 నించి జరుగుతా ఉంది, దానికంటే చవగ్గా కావాలంటే మారుతి ఇంజిన్ తో నడిచే ఎల్జీబీ అనే రేసు కార్లు ఉండాయి, నేను ఎక్కువ పనిచేసింది వాటి మీదే. ఆపైన యూరప్ పోవాల్సిందే, ఎఫ్3, ఎఫ్2 అని పై మెట్లు. ఫార్ములా వన్ లో కూర్చోవాలంటే సూపర్ లైసెన్స్ కావాల, దానికి మూడు సీజన్లలో 40 పాయింట్లు, ఎఫ్4 ఛాంపియన్ అయితే 12 ఇస్తారు, ఎఫ్3 ఛాంపియన్ కి 30, ఎఫ్2 లో మొదటి ముగ్గురికి 40.

ఇంక డబ్బు సంగతి. టీమే జీతమిచ్చి డ్రైవర్ని పెట్టుకుంటది అనుకుంటారు జనం, కింది మెట్లలో అంతా తిరగబడి ఉంటది, డ్రైవరే టీమ్ కి సీజన్ కింత అని కట్టాల. ఎఫ్3 లో ఏడాదికి 10 కోట్ల మాట, ఎఫ్2 అయితే 20 కోట్లు పైమాటే. గుద్దుకుని ఫ్రంట్ వింగ్ (కారు ముందుండే రెక్క) విరిగిందనుకో, ఆ బిల్లు కూడా వేరేగా మనకే వచ్చుద్ది. మీ బావకి ఆయన భాషలోనే చెప్పు: గుంటకి వైట్ స్పాట్ రోగం వస్తే ఒక క్రాప్ పోద్ది, ఇందులో వైట్ స్పాట్ రాకపోయినా ప్రతి సీజనూ పెట్టుబడి మొత్తం పోయినట్టే లెక్క.

షోలవరం తాత:
మీరంతా ఇరుంగాట్టుకోట్టై అంటున్నారు, అది 1990లో వచ్చింది. దానికి ముందు రేసులు షోలవరంలో, యుద్ధకాలం నాటి ఎయిర్ స్ట్రిప్ మీద, మనం నెల్లూరు నించి మద్రాసు పోయే ట్రంక్ రోడ్డు పక్కనే. మా నాన్న సైదాపురం నించి పోయి చూసొచ్చేవాడు, నన్ను రెండుసార్లు తీసకపోయినాడు, చెవులు రెండు రోజులు గింగురుమన్నాయి.
ఒకటి గమనించండి. ఇప్పటిదాకా మన దేశం నించి ఫార్ములా వన్ రేసు చేసింది ఇద్దరే, నారాయణ్ కార్తికేయన్, కరుణ్ చాందోక్. నారాయణ్ వాళ్ళ నాన్న ర్యాలీ డ్రైవరు, కరుణ్ వాళ్ళ తాత మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ పెట్టినవాళ్ళలో ఒకాయన. ఇంట్లోనే పెట్రోలు వాసన ఉన్న పిల్లలు. అయినా నారాయణ్ 1996లో ఫార్ములా ఏషియా గెలిచినాక కూడా ఎఫ్1 సీటు కోసం 2005 దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఏడాదే ఇండియానాపొలిస్ లో నాలుగో స్థానం వచ్చింది, కాకపోతే టైర్ల గొడవతో మిగతావాళ్ళు తప్పుకుని ఆరు కార్లే పరిగెత్తినాయి అనుకోండి.

చీమకుర్తి బ్లాక్:
అందరూ భయపెడతారేంది? ఫార్ములా వన్ డ్రైవర్ ఒకాన్ వాళ్ళ అమ్మానాన్న ఇల్లు అమ్మేసి కారవాన్ లో ఉండి కొడుకుని రేసులకి తిప్పినారు, ఆ కొడుకు 2021లో హంగరీలో గెలిచినాడు. మనం గ్రానైట్ క్వారీల్లో, రొయ్యల్లో కోట్లు పోగొట్టుకోటానికి భయపడం గానీ పిల్లోడి మీద పెట్టాలంటే లెక్కలు తీస్తాం. అమ్మమనే చెప్తా నేనైతే.

గూడూరు స్పానర్:
బ్లాక్ అన్నా, ఇల్లు అమ్ముకుని గెలవనోళ్ళ కథలు టీవీలో రావు. నేను చూసినా అట్టాంటోళ్ళని, పేర్లెందుకులే. మొత్తం ఎఫ్1 లో సీట్లు 20 ఉండేవి, 2026లో కాడిలాక్ టీమ్ వచ్చి 22 అయినాయి, అదీ ప్రపంచం మొత్తానికి.

కావలి ఫిజియో:
డబ్బు గురించి మీరు చూసుకోండి, నేను ఒంటి గురించి చెప్తాను. ఎఫ్1 కారు గట్టిగా బ్రేక్ కొడితే 5జీ దాకా, అంటే మన బరువుకి ఐదింతల ఒత్తిడి పడుద్ది, తల, హెల్మెట్ కలిపి ఏడు కిలోలు అనుకుంటే అది మెడ మీద 35 కిలోలవుద్ది, ప్రతి ల్యాప్ లో ఎన్నోసార్లు. ఎఫ్2 కార్లకి పవర్ స్టీరింగ్ కూడా ఉండదు. వేడి దేశాల్లో అయితే ఒక్క రేసుకే రెండు మూడు కిలోలు చెమట కింద పోతాయి (మన మే నెలలో బస్టాండ్ లో నిలబడితే పోయేదానికంటే ఎక్కువే). 11 ఏళ్ళ పిల్లాడికి బరువులు వద్దు, ఈత, పరుగు చాలు. కార్ట్ కి సస్పెన్షన్ ఉండదు కాబట్టి పక్కటెముకలు కమిలిపోతాయి, రిబ్ గార్డ్ లేకుండా ఎక్కించొద్దు. సీటు బెల్టు కూడా ఉండదు, బోల్తా పడితే మనిషి బయట పడటమే మేలని. ఈ ముక్క మీ అక్కకి మీరే చెప్పుకోండి.

పొదలకూరు రోడ్డు:
అక్కకి చెప్పలా, చెప్పను కూడా. బావకి మాత్రం అన్నీ చదివి వినిపించినా. 20 కోట్లు అనంగానే ఫోన్ లాక్కుని మళ్ళీ చదువుకున్నాడు, ఏడాదికా మొత్తానికా అని రెండుసార్లు అడిగినాడు, ఆ తర్వాత ఏరియేటర్ (గుంటలో గాలి కలిపే మిషను) ఆగిపోయిందంట అని గుంటల కాడికి పోయినాడు. రాత్రి భోజనాలప్పుడు ఆయనే అన్నాడు, రెండేళ్ళు మద్రాసులో కార్టింగ్ చేపిద్దాం, ఏడాదికి ఇంత అని ముందే అనుకుందాం, అది దాటితే ఆపేద్దాం అని. ఎంత అనేది అక్క చెప్పుద్దంట.
వచ్చే ఆదివారం తెల్లార్తో బయల్దేరతన్నాం, టిఫిన్ సూళ్ళూరుపేటలో. గూడూరు అన్నా, ఆ రిబ్ గార్డ్ మద్రాసులో యాడ దొరుకుద్దో చెప్పు, పిల్లోడు బక్కగా ఉంటాడు, చిన్న సైజు కావాల.