ఇన్ని పెద్ద బళ్ల మధ్య బుల్లి కారు మీద ఎందుకింత మోజు?

స్టెప్నీ:
రోడ్డు మీద ఎటు చూసినా ఎస్‌యూవీలే, సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండి బానెట్ మన కిటికీ ఎత్తులో ఉంటోంది, అయినా ఆ మధ్యలోంచి ఓ బుల్లి కారు దూరిపోతుంటే నా చూపు దానెనకే పోతుంది. ఇంట్లో ఉండేది ఇద్దరం, తిరిగేదంతా సిటీలోనే. పార్కింగ్, మైలేజ్ సంగతి తెలుసు, అవి కాకుండా నడిపేవాళ్లకి ఏం నచ్చుతుందో చెప్పండి. గుద్దితే పరిస్థితేంటో కూడా దాచకుండా చెప్పండి.

గేర్‌బాక్స్:
పవర్ తక్కువ ఉండటమే దాని మజా అండీ. పెద్ద బండిలో 200 హార్స్‌పవర్ ఉన్నా సిటీలో వాడేదెక్కడ, కాలు కాస్త ఆనించేలోపే బ్రేక్ కొట్టాలి. చిన్నదాంట్లో సెకండ్ గేర్‌లో ఇంజన్ అరిచేలా లాగినా అంత తొందరగా స్పీడ్ లిమిట్ దాటవు, 40లోనే 80లో పోతున్నట్టుంటది. నాలుగు మూలలూ ఎక్కడున్నాయో ఒంటికి తెలుస్తాయి కాబట్టి సందులో టెన్షన్ ఉండదు. ఇంకోటి టర్నింగ్. స్మార్ట్ ఫర్‌టూ అని రెండు సీట్ల బుల్లి కారుంది, దాని 2014 మోడల్‌కి ఇంజన్ వెనకాల ఉంటది, దాంతో ముందు చక్రాలు బాగా మెలి తిరగడానికి చోటు దొరికింది, ఏడు మీటర్ల వెడల్పుంటే చాలు, రివర్స్ కొట్టకుండా యూటర్న్ అయిపోద్ది.

పాతబండి:
నాకైతే అందులో పెట్టిన బుర్ర నచ్చుతుంది. 1956లో సూయెజ్ గొడవతో బ్రిటన్‌లో పెట్రోల్‌కి కటకట వచ్చింది, అప్పుడు మొదలైన పనే 1959లో మినీ అనే కారుగా బయటికొచ్చింది. పొడవు పదడుగులే, అయినా దాన్ని డిజైన్ చేసిన అలెక్ ఇసిగోనిస్ ఏం చేశాడంటే ఇంజన్‌ని అడ్డంగా తిప్పి గేర్‌బాక్స్‌ని దాని కిందకి తోసేశాడు, చక్రాలు పది అంగుళాలవి పెట్టాడు, మిగిలిన చోటంతా మనుషులకీ సామానుకీ. ఇంజన్‌ని అడ్డంగా పెట్టడం ఇప్పుడు చాలా కార్లలో మామూలే. జపాన్‌లో కేయ్ కార్లనే బుల్లి కార్లు ఇంకో రకం, పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48, ఇంజన్ 660 సీసీ దాటకూడదని రూల్, ఎత్తు మాత్రం రెండు మీటర్ల దాకా పోవచ్చు, అందుకే చాలామటుకు నిలువు డబ్బాల్లా ఉంటాయి, లోపల కూర్చుంటే తల మీద బోలెడు ఖాళీ.

బ్రేక్‌లైట్:
మజా సరే, గుద్దుడు గురించి అడిగారుగా. స్టార్ రేటింగ్ చూసి మోసపోకండి, ముందు నుంచి గుద్దించే టెస్ట్‌లో వచ్చే మార్కులు దాదాపు అంతే బరువున్న బళ్లతో పోల్చుకోడానికే. 2009లో అమెరికాలో కార్లని గుద్దించి పరీక్షించే ఐఐహెచ్ఎస్ అనే సంస్థ వాళ్లు ఒక్కోటీ 64 కిలోమీటర్ల స్పీడ్‌లో స్మార్ట్‌నీ, దానికంటే పెద్దదైన బెంజ్ సీ క్లాస్‌నీ ఎదురెదురుగా గుద్దించారు, గోడ టెస్ట్‌లో మంచి మార్కులొచ్చిన స్మార్టే ఇక్కడ గాల్లోకి లేచి గిర్రున తిరిగింది, అప్పుడు ఒక చిన్న కారు, ఒక పెద్ద కారు చొప్పున గుద్దించిన మూడు జతల్లోనూ చిన్న కారుకే పూర్ రేటింగ్. ఎదుటి బండి బరువు మీకు రెట్టింపైతే, గుద్దిన క్షణంలో మీ స్పీడ్‌లో వచ్చే మార్పు దానికంటే రెట్టింపు. డిజైన్ ఎంత బాగున్నా ఆ లెక్క మారదు. సిటీ స్పీడుల్లో దెబ్బ తీవ్రత చాలా తక్కువ లెండి, ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి జారి అదుపు తప్పకుండా చూసే సిస్టమ్) లేనిది మాత్రం ఎంత ముద్దుగా ఉన్నా వద్దు.

స్టెప్నీ:
థాంక్సండీ. మరి ఉన్న ఒక్క కారూ అదే అయితే నెట్టుకురావచ్చా?

గేర్‌బాక్స్:
ఊళ్లకి ఎప్పుడో ఒకసారి వెళ్తే అప్పటికి అద్దెకి తీస్కోండి, వారం వారం హైవే అయితే మానేయండి. లారీ పక్కనుంచి పోతే గాలికి బండి ఊగుతుంది, ఓవర్‌టేక్‌కి లాగదు, దూరం వెళ్లేసరికి ఇంజన్ మోతకి తలనొప్పొస్తది. టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ వాళ్లు చూపించే నున్నటి రోడ్డు కాదు, మీరు రోజూ పోయే గతుకుల రూటే ఎంచుకోండి, వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, పొట్టి కాబట్టి స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందూ వెనకా ఎగరేస్తుంది, అది మీ నడుము ఓర్చుకుంటే ఇక ఆలోచించకండి.