కాందిశీకులమా, శరణార్థులమా?

తిరుపతి నుంచి ప్రశ్న:
రష్యా విప్లవం వల్ల దేశం విడిచిన తల్లీకూతుళ్ల కథ రాస్తున్నాను. 1920 నవంబరులో క్రిమియా నుంచి 126 ఓడల్లో సుమారు లక్షన్నర మంది కాన్‌స్టాంటినోపుల్ చేరారు. వాళ్లలో వీళ్లిద్దరూ ఉంటారు. కూతురు అక్కడ హోటల్లో వడ్డన పనికి కుదురుతుంది. "మన వంశంలో పుట్టి పరాయివాళ్ల ఎంగిలి ప్లేట్లు ఎత్తుతావా?" అని తల్లి మండిపడుతుంది. "వంశం ఒడ్డునే ఉండిపోయిందమ్మా, ఇప్పుడు మనం శరణార్థులం" అంటుంది కూతురు. ఇక్కడ కాందిశీకులం అంటే మేలా?

చిత్తూరు నుంచి:
అమ్మా, 'కాందిశీకో భయద్రుతః' అన్నాడు అమరకోశంలో అమరసింహుడు. 'కాం దిశం', ఏ దిక్కుకు పోను అంటూ భయంతో పరుగెత్తేవాడు. ఓడలో ఉన్నంతసేపు వాళ్లకు అదే తగును. లంగరు వేశాక కూడా ఎక్కడ దింపుతారో తెలియక రోజుల తరబడి ఓడల్లోనే పడి ఉన్నారు కదా. శరణార్థికైతే తట్టడానికి ఒక గుమ్మం ఉంటుంది. తెల్లవారుజామునే 'శ్రీవేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే' వినే ఊళ్లో ఉన్నారు, మీకు నేను చెప్పాలా! 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం ఇలాంటివాళ్ల పౌరసత్వం రద్దు చేసింది. 1922లో, ఏ దేశమూ లేనివాళ్లకు గుర్తింపుగా ఇచ్చే నాన్సెన్ పత్రాలు వచ్చాయి. అవి చేతికందాక శరణార్థులు అనండి.

నాకు గుచ్చుకున్నది ఎంగిలి. అది మన మడీ మైలల మాట. కార్వేటినగరం జమీందారీ కథయితే అతికేది. రష్యా జమీందారిణి బాధ మైల కాదు, ఊడిగం. నిన్నటి దాకా పనివాళ్లు వడ్డిస్తే తిన్న పిల్ల, ఈరోజు పళ్లెం పట్టుకుని ఎవరి పిలుపు కోసమో నిలబడటం.

శ్రీకాళహస్తి నుంచి:
1942లో బర్మా నుంచి వచ్చినవాళ్లతో కాందిశీకులు అన్న మాట మన పెద్దలకు బాగా అలవాటైంది. విశాఖలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది. కథ చెప్పేవారు వాడితే సరే, కోపంలో ఉన్న పిల్ల అమరం వల్లిస్తుందా? 'దిక్కులేనివాళ్లం' అనిపించండి. పోవాల్సిన వైపూ దిక్కే, ఆదుకునే మనిషీ దిక్కే. చిత్తూరు మాస్టారు విడదీసిన రెండు అర్థాలూ అందులో ఉన్నాయి.

తిరుపతి నుంచి:
దిక్కులేనివాళ్లం ఖాయం. ఊడిగం గురించి మాస్టారు చెప్పిందీ నచ్చింది, కానీ 'ఎంగిలి' తీసేస్తే తల్లి మాటలో కారం తగ్గుతోంది. ఇంకొన్నాళ్లు ఉంచి చూస్తాను. అసలు చిక్కు వేరే వచ్చిపడింది. భర్త ఇంటిపేరునే పట్టుకుని వేలాడే ఆ తల్లి 'దిక్కులేనివాళ్లం' విని ఊరుకోదు, చెంప ఛెళ్లుమనిపిస్తుంది. ఆ పేరా మొత్తం తిరగరాయాలి.