అజవాక్ కుక్క రంగు తేల్చాల్సింది ఎవరు?

సన్నకాళ్ల_పిచ్చి:
పేరు వినని వాళ్ల కోసం: మాలి, నైజర్, బుర్కినా ఫాసోల్లో సహారా దక్షిణపు అంచున, అంటే సహేల్‌లో, టువారెగ్ సంచారులు పెంచే వేటకుక్క ఇది. వాసనతో కాదు, చూపుతో వేటాడుతుంది. వాళ్లు ‘ఇదీ’ అంటారు, అంటే కుక్క అనే. మగది 74 సెంటీమీటర్ల ఎత్తు పెరిగినా 25 కిలోలు దాటదు. చూసినవాళ్లు తిండి పెట్టట్లేదా అని అడుగుతారు.

కుక్కజాతులకు ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కెనైన్ సమాఖ్య 1981లో దీన్ని గుర్తించింది. పేచీ రంగు దగ్గర. వాళ్ల లెక్కలో ఇసుక రంగు నుంచి ముదురు ఎర్రగోధుమ వరకే సరైనవి, చారలున్నా పర్లేదు. తెలుపు ఛాతీ, పాదాలు, తోక చివర దాటకూడదు. సహేల్‌లోనేమో నల్లవీ, సగం తెల్లవీ ఉన్నాయి. 2019లో పూర్తి గుర్తింపు ఇచ్చిన అమెరికన్ కెనల్ క్లబ్ ఏ రంగైనా సరే అంది. నా ఓటు దానికే.

పాతకాలపు_బ్రీడర్:
ఏ రంగైనా సరే అంటే రేపు వీధిలో బక్క కుక్కలన్నీ అజవాక్‌లే. మన దక్కన్ వేటకుక్క కారవాన్ హౌండ్ సంగతి చూడండి. ఒక క్లబ్ ఆ పేరుతో రాసుకుంటుంది, ఇంకో క్లబ్ ముధోల్ అంటుంది. కొనేవాడికి తలనొప్పి.

పశువైద్యం_చదువుతున్నా:
రంగు చూసి జాతి తేల్చలేం అన్నా. అసలు యూరప్‌కు వెళ్లిన కుక్కలే కొన్ని. 1970ల్లో అప్పర్ వోల్టాలో (ఇప్పటి బుర్కినా ఫాసో) ఉన్న యుగోస్లావ్ దౌత్యవేత్త పెచార్ తెచ్చినవి కాసిని, ఫ్రెంచివాళ్లు మాలి నుంచి తెచ్చినవి కాసిని. టువారెగ్‌లు కుక్కను అమ్మరట. మగదాన్ని బహుమతిగా ఇచ్చారని, ఆడదాని కోసం ఆయన జనాన్ని పీడిస్తున్న ఏనుగును కాల్చాల్సి వచ్చిందని కథ చెబుతారు. అంత కష్టపడి తెచ్చిన గుంపులోంచి రంగు పేరుతో ఇంకొన్నింటిని పక్కన పెడితే మిగిలేవి దగ్గరి చుట్టాలే కదా!

సన్నకాళ్ల_పిచ్చి:
ఇంకోటి. సమాఖ్య కాగితాల్లో పుట్టిల్లు మాలి, జాతి ప్రమాణాల మీద పెత్తనం ఫ్రాన్స్‌ది. పెంచే టువారెగ్‌ను ఎవరూ అడగలేదు.

పాతకాలపు_బ్రీడర్:
చుట్టాల మాట ఒప్పుకుంటా. నల్లదాన్నీ రానివ్వండి. కానీ గుడారం దగ్గర పుట్టిన కుక్కకు వంశం రాసిన కాగితాలు ఎక్కడివి? అది అజవాకే అని ఎవరు సంతకం పెడతారు?

కొత్త_సభ్యుడు:
హైదరాబాద్ ఫ్లాట్‌లో పెంచొచ్చా అండీ?

పశువైద్యం_చదువుతున్నా:
అది వేటతో పాటు గుడారానికి కాపలా కుక్క కూడా బ్రో. లిఫ్ట్ ఆగిన ప్రతిసారీ మొరుగుతుంది. ముందు అసోసియేషన్ వాళ్లను అడుగు.