బీసీజీ టీకా భుజానికి వేస్తే చంకలో బిళ్ళ ఎందుకు కడుతుంది?

ప్రశ్న:
మా పాపకు పుట్టిన మర్నాడు ఎడమ భుజానికి బీసీజీ (క్షయ నిరోధక) టీకా వేశారు. ఇప్పుడు రెండున్నర నెలలు. నిన్న స్నానం చేయిస్తుండగా ఎడమ చంకలో శనగగింజంత బిళ్ళ చేతికి తగిలింది. జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది. మా అత్తగారు కాపడం పెట్టమంటున్నారు. కారణం తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
ఎడమ చేతి నుంచి వచ్చే శోషరసం (కణాల మధ్య నుంచి సన్నని నాళాల్లోకి చేరే పలుచని ద్రవం) ప్రధానంగా ఆ చంకలోని శోషరస గ్రంథుల గుండానే వడకట్టుకుని పోతుంది. బీసీజీలో ఉండేది చంపిన సూక్ష్మజీవి కాదు, కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు పశువుల క్షయ బాక్టీరియాను 13 ఏళ్లపాటు 230 సార్లు మార్చి మార్చి పెంచి బలహీనపరచిన సజీవ బాక్టీరియా (ఎంత ఓపికో!). చర్మంలో కాపలా కాసే డెండ్రైటిక్ కణాలు దానిని మింగి, శోషరస నాళాల వెంట గ్రంథికి చేరి, దాని ముక్కలను టీ కణాలకు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) చూపిస్తాయి. వాటిని గుర్తుపట్టిన కొద్దిపాటి టీ కణాలు అక్కడే విభజన చెంది అనేక రెట్లు పెరుగుతాయి కనుక గ్రంథి ఉబ్బి బిళ్ళలా తగులుతుంది. వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలి, పసివారిలో మెదడు పొరలకు సోకే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి కాపాడతాయి.

సమాధానం 2:
కాపడం, పసరు వద్దు, పిండకూడదు. బిళ్ళ సెంటీమీటరున్నర దాటినా, పైచర్మం ఎర్రబడి మెత్తబడినా పిల్లల వైద్యునికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. భుజం మీది పొక్కు కూడా పక్కు కట్టింది. దానికి ఏమైనా పూయాలా?

సమాధానం 2:
అవసరం లేదు. దానంతట అదే మాని, చిన్న మచ్చ మిగులుతుంది.