అప్‌డేట్: అమ్మని చికాగో చైనాటౌన్ స్క్వేర్‌కి తీసుకెళ్లాను

మాంసం ముట్టని మా అమ్మని డౌన్‌టౌన్ నుంచి చైనాటౌన్ స్క్వేర్‌కి తీసుకెళ్లొచ్చా అని పోయిన వారం అడిగాను కదా, నిన్న వెళ్లొచ్చాం. "పార్కింగ్ జోలికి పోకండి, రెడ్ లైన్ రైలు ఎక్కండి" అన్నవాళ్లకి చాలా థాంక్స్. సెర్మాక్-చైనాటౌన్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే చాలు.

పాత రైల్వే యార్డు స్థలంలో 1993లో కట్టిన రెండంతస్తుల మాల్ ఇది. అంతా ఆరుబయటే, పెద్దవాళ్లకి స్వెట్టర్ తప్పనిసరి. మధ్యలో చైనా రాశిచక్రంలోని 12 జంతువుల కంచు విగ్రహాలున్నాయి. అమ్మ పుట్టింది 1961 జూన్‌లో, అంటే ఏడాదికో జంతువు చొప్పున వచ్చే వాళ్ల లెక్కలో ఎద్దు సంవత్సరం. ఆ ఎద్దు ముందు చాలాసేపు నిలబడిపోయింది, మా తాత కాడెద్దుల పేర్లు ఒక్కొక్కటే చెప్తూ.

ఇక తిండి. బేకరీలో నువ్వులద్దిన ఉండలు దొరికాయి. పైన జిగురు బియ్యప్పిండి, లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద. అమ్మ ఒకటి కొరికి "ఇవి మన పూర్ణం బూరెలే కదరా!" అంది. ఆ ముద్దలో పంది కొవ్వు కలిపేవాళ్లూ ఉంటారు, శాకాహారులు ముందే అడగండి. మేం అడిగాకే కొన్నాం.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఆ ఎద్దు గురించే చెప్పింది.