కొత్త డిజైన్ నెట్‌లో పెట్టాలా, మగ్గం మీదే దాచుకోవాలా?

పోచంపల్లి కోడలు:
మాది భూదాన్ పోచంపల్లి. ఇంట్లో రెండు మగ్గాలు. మామయ్య, మా ఆయన నేస్తారు. అత్తమ్మ ఆసు పోస్తారు, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుడతారు. నేను చిటికి కడతాను, అంటే డిజైన్ ప్రకారం రంగు పడకూడని చోట నూలుకు ముడులు వేస్తాను. రాత్రి వంటయ్యాక ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకుంటాను. షావుకారుకు ఇవ్వకుండా మేమే అమ్ముకునే చీరల్లో సగానికి పైగా ఈ పేజీ చూసి కొన్నవే.

పోయిన దసరాకు మామయ్య కొత్త డిజైన్ వేశారు. ఆకుపచ్చ ఒంటి నిండా చిన్న చిలకలు, కొంగులో ఒక్కటే పెద్ద చిలక. గ్రాఫ్ కాగితం మీద గీసి, లెక్క కట్టి, రంగు కుదరక రెండుసార్లు పట్టు పాడై, మొత్తం నెలన్నర పట్టింది. చీర మగ్గం దిగిన రోజే ఫోటో పెట్టాను. 12,000 చొప్పున మూడు ఆర్డర్లు వచ్చాయి. రెండు నెలలు తిరక్కముందే అదే చిలక, అదే కొంగు, ప్రింటు చీర మీద 700కు ఒక షాపులో కనిపించింది. మా ఆడపడుచు కొని తెచ్చి మామయ్య ముందు పెట్టింది. ఆయన ఏమీ అనలేదు. చీరను వెనక్కి తిప్పి చూసి, మడత పెట్టి ఇచ్చేశారు. ఆ రోజు నుంచి కొత్త డిజైన్ ఫోటో తియ్యనివ్వడం లేదు.

పెట్టకపోతే మనం ఉన్నామని కొనేవాళ్లకు ఎలా తెలుస్తుందని నేను. పెడితే మన పని మనకు మిగలదని ఆయన. నేత ఇళ్ల వాళ్లు, కొనేవాళ్లు, మీ మాట చెప్పండి.

పుట్టపాక నేత:
మీ మామయ్య చెప్పిందే నిజం అమ్మా. మా నాన్న కొత్త డిజైన్ మగ్గం మీద ఉన్నప్పుడు పక్కింటాయన వచ్చినా గుడ్డ కప్పేవాడు. మరి మీరు ఫోటో పెట్టి ఊరూవాడా పిలిచి చూపిస్తున్నారు.

మాది తేలియా పని. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతాం. ఆ నూనె వాసన బట్టను అంత తొందరగా వదలదు. తెలిసినవాళ్లు బట్టను ముక్కు దగ్గర పెట్టుకుని కొంటారు. ఫోటోలో ఆ వాసన ఉండదు, డిజైన్ ఒక్కటే ఉంటుంది. అంటే దొంగకు కావలసింది దొరుకుతుంది, కొనేవాడికి కావలసింది దొరకదు. 2020లో మా తేలియా రుమాల్‌కు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, సంతోషమే. కాపీలు మాత్రం ఆగలేదు.

మంగళగిరి గుంట మగ్గం:
అన్నా, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఒప్పుకోలేను. మా మంగళగిరి చీరలో దాచడానికి ఏముంది? ప్లెయిన్ ఒళ్లు, నిజాం అంచు. అందరూ నేసేది అదే. అయినా పవర్‌లూమ్ బట్ట మా పేరుతో అమ్ముడవుతూనే ఉంది. దాస్తే ఆగేదైతే మాకు ఏనాడో ఆగి ఉండాలి.

మా ఇంట్లో ఉపయోగపడింది ఒకటే, నేసేటప్పుడు చూపించడం. నాన్న గుంటలో కూర్చుని తొక్కుడు కర్రలు తొక్కుతుంటే, దారం మోసే నాడె ఇటు నుంచి అటు పోయే చప్పుడుతో సహా నిమిషం వీడియో తీసి పెట్టాను. పాట పెట్టలేదు, మాటలు పెట్టలేదు. ఆ వీడియో చూసి ఫోన్ చేసినవాళ్లలో ఒక్కరు కూడా బేరమాడలేదు. అంతకు ముందు చీర ఫోటోలు పెట్టినప్పుడు ప్రతి ఒక్కరూ "లాస్ట్ ప్రైస్ ఎంత" అనే అడిగేవారు.

వకీలు:
అక్కా, ఒక ముఖ్యమైన సంగతి. జీఐ మీ ఊరి పేరును, నేత పద్ధతిని కాపాడుతుంది. మీ మామయ్య చిలకను కాపాడదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. రిజిస్టర్ చేయిస్తే పదేళ్లు రక్షణ, ఆ తర్వాత మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు.

అయితే దరఖాస్తు పెట్టేలోపే ఆ డిజైన్ బయటి జనానికి కనిపిస్తే అది కొత్తది కాదంటారు. ఇన్‌స్టాలో మీరే పెట్టిన ఫోటో మీకే అడ్డం వస్తుంది. ఆ చిలక డిజైన్ ఇక రిజిస్టర్ కాదు, చెప్పడానికి బాధగా ఉంది. రాబోయే డిజైన్‌కైనా ముందు దరఖాస్తు, తర్వాతే పోస్టు. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఆగక్కర్లేదు, దరఖాస్తు తేదీయే లెక్క. డిజైన్ల కార్యాలయం కోల్‌కతాలో ఉన్నా ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.

పుట్టపాక నేత:
బాబూ, మంచి మాట చెప్పావు. కానీ నేను ఏడాదికి ఐదారు డిజైన్లు వేస్తాను. అన్నింటికీ దరఖాస్తులు పెట్టి, ఎవడో కాపీ కొడితే కోర్టు చుట్టూ తిరిగితే మగ్గం ఎవరు నేస్తారు? కాగితం ఉన్నా కొట్లాడే ఓపిక, డబ్బు ఉండాలి కదా.

డాలస్ పద్మజ:
కొనేదానిగా చెబుతాను. నేను పన్నెండు వేలు పంపించేది ముఖం తెలియని ఇంటికి. నాకు డిజైన్ కన్నా ముందు కావలసింది నమ్మకం. మీ మామయ్య ఆ ప్రింటు చీరను వెనక్కి తిప్పి చూశారన్నారే, ఆ పని కెమెరా ముందు చెయ్యమనండి. ఇక్కత్‌లో, అంటే మీ పోచంపల్లి నేతలో, నేయకముందే రంగు నూలుకే పడుతుంది కాబట్టి చీర ముందూ వెనకా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. ప్రింటుకు వెనక వైపు వెలిసినట్టుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఆయన చేత్తో తిప్పి చూపిస్తే, నేనూ నా స్నేహితులూ ఇక ఎక్కడికి వెళ్లినా చీర వెనక్కి తిప్పే కొంటాం. దీనికి కొత్త డిజైన్ అవసరం లేదు, పాతదైనా చాలు.

ఇంకొకటి. పోస్టు కింద ధర రాయండి. "డీఎం చెయ్యండి" అని రాస్తే ఇక్కడ అర్ధరాత్రి అడిగి, జవాబు వచ్చేసరికి నేను ఆఫీసులో ఉంటాను. అలా వదిలేసిన చీరలు నాకు చాలా ఉన్నాయి.

హైదరాబాద్ శ్రీకాంత్ (చిన్న వ్యాపారాల పేజీలు చూస్తాను):
ఫోటో పెట్టాలా వద్దా అని తేల్చేముందు, ఎవరికి చూపిస్తున్నారో చూడండి అక్కా. పేజీ అంటే రోడ్డు మీద అద్దం బీరువా. కొన్నవాళ్ల నంబర్లు మీ ఇంటి పెట్టె. మీకు ఇప్పటిదాకా ఎంతమంది కొన్నారు? వాళ్ల పేరు, నంబరు, ఏ రంగు కొన్నారు అని ఒక నోటుబుక్‌లో ఉందా?

2020 జూన్ 29న టిక్‌టాక్ ఒక్క రాత్రిలో పోయింది. దాని మీద లక్షల ఫాలోయర్లు ఉన్నవాళ్లు నాకు తెలుసు, ఒక్క నంబరు కూడా రాసుకోలేదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా కట్టుకున్న వెబ్‌సైట్లు కూడా 2024 మార్చిలో మూతపడ్డాయి. నా దగ్గరకు వచ్చిన ఒక మిఠాయి కొట్టాయన విజిటింగ్ కార్డుల మీద ఆ అడ్రసే అచ్చు వేయించుకున్నాడు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది పడతారు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది, అందుకని పార్సిల్‌లో చీటీ పెట్టి సేవ్ చేసుకోమనండి. కొత్త డిజైన్ ముందు వాళ్లకు మాత్రమే. ఇన్‌స్టాలో చిటికి కట్టడం, రంగు వెయ్యడం, ఆసు పెట్టండి. ఆసు మెషిన్ తయారుచేసిన చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది, అయినా బయటి జనానికి ఆసు అంటే ఏమిటో తెలియదు. చూపిస్తే ఆగి చూస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో ఇంటిని పెట్టుకోవడం కూడా మర్చిపోకండి. పోచంపల్లికి ఆదివారాలు కార్లలో వచ్చేవాళ్లు ముందు వెతికేది అక్కడే.

వకీలు:
శ్రీకాంత్ గారి మాట బాగుంది, ఒక్క జాగ్రత్త. 256 మందికి పంపినా అది బయటపెట్టినట్టే అని వాదించే అవకాశం ఉంది. లిస్టుకు పంపే ముందే దరఖాస్తు పెట్టండి.

పోచంపల్లి కోడలు:
అందరికీ దండాలు. మీరు రాసినవన్నీ రాత్రి మామయ్యకు చదివి వినిపించాను. పుట్టపాక బాబాయ్ రాసిన గుడ్డ కప్పే సంగతికి తల ఊపారు. తర్వాత ఆయనే లేచి ఆ ప్రింటు చీర తెమ్మన్నారు. మా చిలక చీర పక్కన పరిచి, రెండింటినీ తిప్పి చూపించారు. ఆయన చేతులు మాత్రమే పడేలా తీశాను. ఇక దాచేది ఏముంది ఆ చిలకలో, పెట్టెయ్యి అన్నారు. పొద్దున్నే పెట్టాను.

నోటుబుక్ సంగతి నిజమే, నా దగ్గర లేదు. కొరియర్ రసీదులు డబ్బాలో ఉన్నాయి, వాటి నుంచి ఇప్పటికి 83 నంబర్లు దొరికాయి. ధరలు రాయడానికి మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు, షావుకారు చూస్తాడని భయం. దాని మీద మళ్లీ మాట్లాడుకుంటాం.

మామయ్య కొత్తది మగ్గం మీద ఉంది. ఏమిటన్నది ఇక్కడ రాయను. వకీలు తమ్ముడూ, దరఖాస్తుకు చీర మొత్తం ఫోటో కావాలా, కొంగు, అంచు విడివిడిగా కావాలా? శనివారానికి మగ్గం దిగుతుంది.