కార్ట్ ట్రాక్‌కి ఆర్15 రెండో వెర్షనా, డ్యూక్ 200నా? (బడ్జెట్ 80 వేలు)

ఉప్పల్_రైడర్: అన్నలూ, సిటీ బయట ఒక కార్ట్ ట్రాక్‌లో (గో-కార్ట్‌లు తిరిగే చిన్న మలుపుల ట్రాక్) ఆదివారం పొద్దున్నే బైకులకు స్లాట్ ఇస్తున్నారు. నెలకు ఒకట్రెండు సార్లు సరదాగా వెళ్దామని. సెకండ్ హ్యాండ్‌లో యమహా ఆర్15 రెండో వెర్షన్, కేటీఎం డ్యూక్ 200 రెండూ చూసొచ్చాను. ఏది తీసుకోమంటారు?

గేర్_గోపి: ఇందులో అడగడానికేముంది? డ్యూక్. దాని పవర్ 25 పీఎస్ ఎక్కడ, ఆర్15ది 17 ఎక్కడ! అదే రేటుకి చిన్న ఇంజిన్ ఎవడైనా కొంటాడా?

పాత_పిస్టన్: గోపీ, అది ఔటర్ రింగ్ రోడ్డు కాదు. నేను తిరిగిన ట్రాక్‌లో నా బండి మూడో గేరు దాటిన పాపాన పోలేదు. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే ఇరుకు మలుపు) దాటి సరిగ్గా లాగేలోపే మళ్లీ బ్రేకు. అక్కడ పవర్ ఏం చేసుకుంటావు? మలుపు మధ్యలో యాక్సిలరేటర్ కాస్త తిప్పితే కాస్తే లాగే బండి కావాలి. 2022లో మన దేశంలో పిల్లలకు మినీజీపీ రేసులు పెట్టినప్పుడు చేతికిచ్చింది ఓవాలే కంపెనీ 160, పది అంగుళాల చక్రాల బుడ్డ బండి. తమ్ముడూ, ఆర్15 తీసుకో. ముందు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) తీసి, ఒక పన్ను తక్కువున్నది వెయ్యి. లాగుడు ఏడు శాతం పైగా పెరుగుతుంది, ఖర్చు వందల్లోనే.

గేర్_గోపి: ఓవాలే పేరు చెప్పి ఆర్15 అమ్ముతావేంటి? దానికీ 17 అంగుళాల చక్రాలే, డ్యూక్‌కీ 17 అంగుళాలే.

మేడ్చల్_మామ: నా పాత యమహా ఆర్ఎక్స్100 తెస్తా, ఇద్దర్నీ దాటేస్తా.

పాత_పిస్టన్: చక్రం పట్టుకుని వేలాడకు గోపీ. నేను చెప్పింది బండి స్వభావం గురించి.

గేర్_గోపి: చక్రం మాట తెచ్చింది నువ్వే. ఆర్15 మీద వంగి పది ల్యాపులు కొడితే మణికట్లు పోతాయి. డ్యూక్ హ్యాండిల్ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది, ఇరుకు మలుపుల్లో చెప్పినట్టు తిరుగుతుంది. అసలు నువ్వు ట్రాక్‌కి వెళ్లి ఎన్నాళ్లయింది?

పాత_పిస్టన్: ఏడాది. ఎందుకో కూడా విను. 200 సీసీ బండి మీద, హెయిర్‌పిన్ బయట వెనక టైరు జారి టైర్ల గోడలోకి వెళ్లాను. గేర్ లివర్ లోపలికి వంగిపోయింది. పాదం దూర్చే సందు లేక బూటు విప్పి, కాలి బొటనవేలితో గేర్లు మారుస్తూ ఇంటికొచ్చాను. ఇన్సూరెన్స్ సర్వేయర్ ఎక్కడ పడ్డావంటే నిజం చెప్పాను. పోటీలకు, స్పీడ్ టెస్టింగ్‌కి పాలసీ వర్తించదన్నాడు. చూస్తే నిజంగానే అందులో రాసుంది. 23 వేలు జేబులోంచి పోయాయి, మూడు వారాలు బస్సు.

గేర్_గోపి: అదీ సంగతి! ఇంతసేపూ పవర్ అన్నావు, నీ బాధ ఆ 23 వేలు. నువ్వు పడితే డ్యూక్ తప్పా?

పాత_పిస్టన్: తప్పు బండిది కాదయ్యా. పడని వాడెవడు? పడ్డాక పారేసినా ఏడవని బండి ఉండాలంటున్నా.

క్లచ్_లక్ష్మి: ఉప్పల్_రైడర్ గారూ, ఇదే బండి మీద ఆఫీసుకి కూడా వెళ్తారా?

ఉప్పల్_రైడర్: అవునండీ, ఇది ఒక్కటే. అందుకే 80 వేలు.

గేర్_గోపి: ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా! అయినా ఆఫీసుకీ డ్యూకే హాయి.

క్లచ్_లక్ష్మి: గోపి గారూ, ఆదివారం ట్రాక్ కోసం అద్దాలు విప్పి, లైట్లకు టేపు వేసి, సోమవారం మళ్లీ బిగించుకునేది ఆయన. నేనైతే 35 వేలకు పాత టీవీఎస్ అపాచీ ఒకటి తీసుకుని ట్రాక్‌కే ఉంచుతాను. ట్రాలీ ఆటోలో తెచ్చుకోవచ్చు. మిగిలిన డబ్బుతో హెల్మెట్, గ్లవ్స్, బూట్లు. ఆఫీసుకి మెట్రో ఉందిగా.

పాత_పిస్టన్: ఈ మాటకి నేను రెడీ. ఆర్15 కాకపోయినా సరే.

గేర్_గోపి: అపాచీ అట! సరదాకి వెళ్లేవాడు సరదా లేని బండి కొనాలా?

ఉప్పల్_రైడర్: లక్ష్మి గారూ, ఆఫీసుకి బండి కావాలనే నాన్న దగ్గర డబ్బు తీసుకున్నాను. ట్రాక్ సంగతి ఇంట్లో తెలీదు.

మేడ్చల్_మామ: ఆర్ఎక్స్ ఇచ్చేస్తా తమ్ముడూ. 80కే.